శ్రమదానం తర్వాతి పని

నెల్లూరు తీరంలోని పట్టపుపాళేలకు, అంటే మత్స్యకారుల పల్లెలకు, సంఘం కొత్త కాదు. ఊరి పెద్దలైన కాపులు కూర్చుని దురాయి (కట్టుబాటు) వేస్తే వేట ఆగేది, తగువు తీరేది. దానికి రిజిస్ట్రేషన్ లేదు, ఆడిట్ లేదు. ఇప్పుడు సంఘమంటే ముందు కాగితం. 2001 నాటి సొసైటీల చట్టం కింద నమోదు కావాలంటే కనీసం ఏడుగురు సభ్యులుండాలి, నియమావళి ఉండాలి. ఆ తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, కార్యవర్గం జాబితా జిల్లా రిజిస్ట్రార్‌కు పంపాలి. మత్స్యకార సహకార సంఘమైతే 1964 చట్టం, ఇంకో కార్యాలయం.

ఈ కాగితం పనిలోనే సంఘాలకు విశ్వవిద్యాలయం సాయం అవసరం. జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) ఉత్సవాల సందర్భంలో అడగాల్సిన మాట ఇదేనని నా అభిప్రాయం.

విద్యార్థుల చేత సేవ చేయించాలన్న ఆలోచన రాధాకృష్ణన్ విద్యా కమిషన్ కాలం నుంచీ ఉంది. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ కమిటీ ఏకంగా తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా నిర్బంధ సేవ ఉండాలంది. ఖర్చు చూసి ప్రభుత్వం జంకింది. ఆ దేశ్‌ముఖ్ భార్య మన దుర్గాబాయి దేశ్‌ముఖే. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలిగా స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇప్పించే పని అప్పటికే మొదలుపెట్టారు. ఒకే ఇంట్లో ఒకరు సేవకుల గురించి, మరొకరు సేవాసంస్థల గురించి ఆలోచించారన్నమాట. ఆ రెండు ఆలోచనలూ తర్వాత వేర్వేరు దారులు పట్టాయి.

గాంధీజీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబర్ 24న, వి.కె.ఆర్.వి. రావు కేంద్ర విద్యామంత్రిగా ఉండగా ఎన్‌ఎస్‌ఎస్ పుట్టింది. 37 విశ్వవిద్యాలయాలు, 40 వేల మంది విద్యార్థులు. 2019లో స్వర్ణోత్సవం జరుపుకుంది. మన జిల్లా కాలేజీలు చాలాకాలం తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద ఉండి, 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చాక దాని కిందికి మారాయి. వాలంటీరు లెక్క మాత్రం మారలేదు: రెండేళ్లలో 240 గంటలు, దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. ఆ ఏడు రోజుల్లో మొక్కలు నాటడం, రోడ్లు ఊడవడం, ర్యాలీ, చివరి రోజు ఫొటో. తీసిపారేయడం లేదు. కానీ వలలు లాగే చేతులకు చీపురు పట్టడం మనం నేర్పాలా?

చదువు ఇస్తే ఏమవుతుందో ఈ జిల్లాకు తెలుసు. తొంభైల ఆరంభంలో అక్షరాస్యత ఉద్యమంలో వాలంటీర్లు నడిపిన రాత్రిబడుల్లో ఆడవాళ్లు సారాకు ఎదురు నిలిచిన ‘సీతమ్మ కథ’ పాఠం చదివారు. దూబగుంటలో సారా అంగడి మూయించారు. ఆ కదలిక ఊరూరికీ పాకి, 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్లింది. పలక పట్టిన వాళ్లే తర్వాత ఉద్యమాన్ని నడిపారు. తుపాను వచ్చినప్పుడు సాయం మోసుకొచ్చిన సంస్థలు చాలావరకు ఇలాంటిదేమీ మిగల్చలేదు. 1989 నవంబర్‌లో కావలి దగ్గర తుపాను తీరం దాటినప్పుడూ, 2004 సునామీ తర్వాతా వచ్చారు, పంచారు, వెళ్లారు.

ఇప్పుడు మన తీరంలోని జువ్వలదిన్నెకు చేపల హార్బర్ వచ్చింది. 2024 ఆగస్టు 30న ప్రధాని వర్చువల్‌గా ప్రారంభించారు. హార్బరంటే బోట్ల యజమానులు, ఐసు, వేలంపాట, చేపలమ్మే ఆడవాళ్లు. ఎవరి మాట చెల్లాలన్నా వారికో సంఘం, ఆ సంఘానికో తీర్మానాల పుస్తకం, సరిగ్గా రాసిన నగదు చిట్టా కావాలి.

శిబిరాన్ని వేసవికి మార్చండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లు ఒడ్డున, మగవాళ్లు ఊళ్లో ఉంటారు. కాలేజీలకూ వేసవి సెలవులు వస్తాయి. వేట నిషేధ భృతి జాబితాలో పేరుందా లేదా అన్న గొడవ కూడా అప్పుడే. కామర్స్ విద్యార్థులు ఇద్దరు లెక్కలకు, లా చదివేవారు ఒకరు నియమావళికి, తెలుగు బాగా రాసేవారు ఒకరు అర్జీలకు కూర్చుంటే చాలు. కావలిలో పీజీ కేంద్రం ఉంది, దూరం సాకు కాదు. మొదటి ఏడాది ఒక్క సంఘం తీసుకుని, దాని కార్యదర్శే మరుసటి ఏడాది లెక్క తానే రాసుకునేలా నేర్పి రండి. రాసిచ్చి రావొద్దు.