బూడిద మొదలు సూక్ష్మరేణువు వరకు

కొల్లేటి ప్రాంతమున దీపములు పెట్టు వేళకు దోమల మ్రోత మొదలగును. బుడమేరు, తమ్మిలేరు మున్నగు ఏరులు తెచ్చిన నీరు ఉప్పుటేటి మార్గమున సముద్రమును చేరువరకు ఈ పల్లపు నేలలోనే నిలిచియుండును. నీరున్నచోట చేప, వరి, పక్షి; వానితోపాటు దోమయును. ఈ సహవాసము మన పూర్వులకు క్రొత్తది కాదు. కీటకములను తోలుటకు మనము ఏయే ఉపాయములు పన్నితిమో, వానికి ఏ మూల్యము చెల్లించితిమో ఇచ్చట కొంత విచారింతము.

పూర్వము దోమకు వేపాకు పొగ, గింజల పురుగునకు బూడిద. కందులకు ఎర్రమన్ను పట్టించి, ఎండబెట్టి, కుండలలో దాచుట గృహిణు లెరిగిన విద్య. పొగ కీటకమును దూరముగా తోలును. బూడిదయు మన్నును దాని ఒడలు గీరి తడి నార్చును. విషముతో పనిలేదు.

1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపున మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. దోమ నిద్రను చెరచునది మాత్రమే కాదని నాడు తేటపడినది. 1939లో పాల్ ముల్లర్ డి.డి.టి.కి కీటకములను చంపు గుణము కలదని కనిపెట్టి, 1948లో నోబెల్ బహుమానము నందెను. మన దేశమున 1953లో జాతీయ మలేరియా నిరోధక కార్యక్రమము మొదలై, ఇండ్ల గోడలపై ఆ మందు చల్లబడినది. జ్వరములు వేగముగా తగ్గినవి. ఆ మేలును మరచుట న్యాయము కాదు. కాని దోమలు క్రమముగా మందునకు లొంగకపోయినవి. మందు మాత్రము నేలలో, నీటిలో, చేపల కొవ్వులో నిలిచిపోయినది. అమెరికాలో గూడబాతుల గ్రుడ్ల పెంకులు పలుచబడి, పొదుగునపుడే చితికిపోవుటకు ఇదియే హేతువని తేలినది. ఆటపాకలో గూడబాతులను చూచినవారు ఈ మాటను తేలికగా తీసికొనలేరు. 1989లో వ్యవసాయమున డి.డి.టి. వాడకమును మన ప్రభుత్వము నిలిపివేసినది. 2020 డిసెంబరులో ఏలూరున వందలమంది హఠాత్తుగా మూర్ఛలతో ఆసుపత్రుల పాలైనపుడు, సీసముతోపాటు క్రిమిసంహారకములపైని గూడ అనుమానము పడినది.

శాస్త్రము మరల బూడిద వంకకు తిరిగినది. ఊకను కాల్చిన బూడిదలో అధికభాగము సిలికా. తాడేపల్లిగూడెము వంటి రైసుమిల్లుల ఊళ్లలో ఊకకు కొదువలేదు. ఆ సిలికాను శుద్ధిచేసి నానో రేణువులుగా మార్చవచ్చును. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. కీటకము ఒంటిపై నీటిని కాపాడు మైనపు పూత యొకటి కలదు. ఈ రేణువులు ఆ మైనమును పీల్చుకొనును. కీటకము ఎండి చచ్చును. 2011లో భారతీయ శాస్త్రజ్ఞులు బియ్యపు ముక్కపురుగులపై దీని ప్రభావమును పరీక్షించి ప్రకటించిరి.

అయినను ఇది ఎండగట్టు పద్ధతి. గాలిలో తేమ హెచ్చినకొలది దీని శక్తి తగ్గును. కొల్లేటి గాలికి తేమయే స్వభావము. పైగా అంత సూక్ష్మమైన ధూళి మన ఊపిరితిత్తులలోనికి పోయిన హాని కలుగవచ్చును. డి.డి.టి.ని మొదట తొందరపడి మెచ్చుకొన్నట్లు దీనిని మెచ్చుకొనరాదు. పరీక్షలు ముగియువరకు తొట్టిపై మూత, మంచముపై తెర, ఇంటిచుట్టు నీరు నిలువకుండ కాలువ—ఈ మూడింటిని మించిన రక్షణ మన ఇండ్లకు లేదని మేము తలంతుము.