చీర కట్టిన గంధర్వుడు

1911 మార్చి 12. ముంబయిలో మరాఠీ రచయిత ఖాడిల్కర్ నాటకం 'మానాపమాన్' తొలి ప్రదర్శన. కథానాయిక భామిని వేషం కట్టాల్సిన ఇరవై రెండేళ్ల యువకుడి పసికూతురు ఆ రోజే కన్నుమూసింది. ప్రదర్శన ఆపుదామంటే ఆయన ఒప్పుకోలేదు. ముఖానికి రంగు పూసుకుని, చీర కట్టి, వేళకు రంగస్థలం ఎక్కాడు. ఆ భామిని పాటలు మహారాష్ట్రమంతా మారుమోగాయి.

ఆ నటుడి అసలు పేరు నారాయణ్ శ్రీపాద్ రాజహంస్. పసితనంలో పాడుతుంటే విని తిలక్ మెచ్చుకున్న నాటి నుంచి లోకానికి బాల గంధర్వ. 1905లో కిర్లోస్కర్ నాటక మండలిలో చేరి, శకుంతలగా పేరు తెచ్చుకున్నాడు. 1913లో గణేశ్ బోడస్, గోవిందరావు టెంబేలతో కలిసి గంధర్వ నాటక మండలి పెట్టాడు.

నాయిక కట్టేది అసలు సిసలు పట్టుచీర, చల్లేది ఖరీదైన అత్తరు. తబలా మీద అహ్మద్‌జాన్ తిరక్వా అంతటి ఉస్తాదు. బాల గంధర్వ చీరకట్టు, కొప్పుముడి చూసి పెద్దింటి ఆడవాళ్లు సింగారం నేర్చుకున్నారు. ఒక మగవాడు మరాఠీ స్త్రీకి సొగసు పాఠాలు చెప్పాడన్నమాట!

వచ్చిన డబ్బంతా ఆ సొగసుకే ఖర్చయ్యేది. భాగస్వాములు తప్పుకున్నాక, 1921లో సంస్థ అప్పుల భారమంతా ఆయన నెత్తిన పడింది. ఆ ఏడాదే సాటి నటుడు కేశవరావు భోసలేతో కలిసి తిలక్ స్వరాజ్య నిధి కోసం 'మానాపమాన్' ఆడాడు. ఏళ్ల తరబడి అప్పులు తీరుస్తూనే వేషం ఖర్చు మాత్రం తగ్గించలేదు. ఇంతలో టాకీలు వచ్చి ప్రేక్షకులను లాక్కుపోయాయి. 1935లో దర్శకుడు శాంతారాం సినిమా 'ధర్మాత్మ'లో ఏకనాథుడిగా మగవేషంలో కనిపించినా, సినిమా ఆయనకు అచ్చిరాలేదు.

అప్పుడు ఆయన జీవితంలోకి వచ్చింది గోహర్ బాయి. గాయని అమీర్‌బాయి కర్ణాటకికి సోదరి. బాల గంధర్వ ఇన్నాళ్లూ కట్టిన నాయిక వేషాలను ఆయన నాటకాల్లోనే ఆమె కట్టింది. 1940లో భార్య లక్ష్మీబాయి పోయారు. 1951లో గోహర్‌ను పెళ్లాడాడు. అభిమానులు భగ్గుమన్నారు. ఆమె ముస్లిం, పైగా పాటకత్తె. గంధర్వుడి పతనానికి ఆమే కారణమని రాసినవారున్నారు. అప్పులు ఆమె రాకకు ఎంతో ముందే మొదలయ్యాయన్న లెక్క ఎవరికీ పట్టలేదు. కాళ్లు చచ్చుబడ్డాక ఆయనకు సేవ చేసింది మాత్రం ఆమే.

1964లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. గోహర్ కన్నుమూసిందీ ఆ ఏడాదే. 1967లో ఆయనా వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది పుణెలో ఆయన పేరిట రంగమందిరం తెరుచుకుంది.

మన తెలుగు రంగస్థలం మీద స్థానం నరసింహారావు కట్టిన సత్యభామ వయ్యారానికీ జనం ఇలాగే మురిసిపోయారు, ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆడవేషం కట్టిన మగవాడు ఆ రోజుల్లో కళాకారుడు. అదే వేషం ఆడది కడితే మాత్రం ముందు అడిగేది కులం, మతం, నడవడి. బాల గంధర్వకు దక్కిన హారతుల పక్కన గోహర్ మోసిన నిందను కూడా పెట్టి చూస్తేనే ఆనాటి రంగస్థల వైభవం లెక్క సరిపోతుంది.