రాత్రివేళ సత్రం తలుపు

రాత్రి తొమ్మిది కాగానే మన్ననూరు దగ్గర గేటు పడిపోతుంది. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో అది అటవీశాఖ తనిఖీ కేంద్రం. తెల్లవారి ఆరు గంటల దాకా మళ్లీ లేవదు. గేటుకు అవతల ఉన్నది పులులు తిరిగే నల్లమల. ఆఫీసు పని ముగించుకుని ఆలస్యంగా బయల్దేరిన కుటుంబం పది నిమిషాల తేడాతో అక్కడ ఆగిపోయిందంటే ఇక చేయగలిగింది ఒకటే. శ్రీశైలంలోని సత్రానికి ఫోన్ చేసి, "అయ్యా, గేటు దగ్గర చిక్కుకుపోయాం, మా గది వేరెవరికీ ఇవ్వకండి" అని బతిమాలుకోవాలి. దోర్నాల వైపు నుంచి వచ్చేవాళ్లకూ ఇదే గతి.

వేళ మించి వచ్చిన మనిషిని ఏం చేయాలి? తలుపు ఎవరు తీయాలి? సత్రం ఎంత పాతదో ఈ ప్రశ్నా అంత పాతది.

మొఘలుల కాలపు సరాయిలు, అంటే బాటసారుల సత్రాలు, దీనికి కచ్చితమైన జవాబు చెప్పాయి: పొద్దుగూకితే తలుపు తీయరు. 1656లో సూరత్‌లో దిగి, దేశమంతా తిరిగి, చివరికి మద్రాసులో స్థిరపడిన వెనిస్ యాత్రికుడు మనూచీ ఆ సరాయిలను వర్ణించాడు. సూర్యాస్తమయానికి కావలివాడు పెద్ద తలుపులు మూసి, ఎవరి సామాను వాళ్లు చూసుకోమని కేక వేసేవాడు. తెల్లవారి తలుపు తీసే ముందు మళ్లీ అదే హెచ్చరిక. ఏదైనా వస్తువు పోయిందని ఎవరైనా అంటే, అది దొరికేదాకా ఒక్కరినీ బయటికి పోనిచ్చేవారు కాదు. మూసిన ఆ పెద్ద తలుపే సరాయి మొత్తానికీ తాళం. లోపలున్నవాడికి అది పెద్ద భరోసా. ఆలస్యంగా వచ్చినవాడికి మాత్రం గోడ బయటి చీకటే మిగిలేది. ఈ కావలివాడి అవసరాన్ని తర్వాతి పాలకులూ గుర్తించారు. బ్రిటిష్ పాలనలో వచ్చిన 1867 నాటి సరాయిల చట్టం, మనుషుల భద్రతకూ పశువుల, బండ్ల భద్రతకూ చాలినంతమంది కావలివాళ్లను పెట్టడం సరాయి నడిపేవాడి బాధ్యతేనని రాసిపెట్టింది.

తెలుగు ఊళ్లలో రాత్రి వచ్చినవాడికి ఇంకో ఆసరా ఉండేది. అదే వీధి అరుగు. ఇంటి తలుపు మూసే ఉంటుంది, లోపల గొళ్ళెం పెట్టే ఉంటుంది. కానీ అరుగుకు తలుపు లేదు. నడిరేయి ఊరు చేరిన బాటసారి ఎవరినీ నిద్ర లేపకుండా మూట తలకింద పెట్టుకుని అక్కడే నడుం వాల్చేవాడు. తెల్లారి కళ్లాపి చల్లడానికి వచ్చిన ఇల్లాలికి మనిషి కనిపిస్తే, ఏ ఊరు, ఎటు ప్రయాణం అన్న మాటలు అప్పుడు మొదలయ్యేవి. ఇంటివాళ్ల నిద్ర చెడదు, వచ్చినవాడికి చోటు దొరుకుతుంది. ఇళ్లు కట్టుకునేటప్పుడే పరాయి మనిషి కోసం ఆ మాత్రం జాగా విడిచిపెట్టిన ఆ ఊళ్ల మంచితనం తలచుకోదగ్గది.

ఆ రోజుల్లో దారి సంగతి ముందే తెలిసి ఉండటం ఎంత ముఖ్యమో ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' చదివితే అర్థమవుతుంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న పరివారంతో, పల్లకీ బోయీలతో బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. మజిలీ మజిలీకీ సత్రం ఉందా, అంగళ్లు ఉన్నాయా, నీళ్లు మంచివేనా అని రాసుకుంటూ పోయాడు. శ్రీశైలానికి ఆయన వెళ్లింది ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెరువు దారిలో. నడక, పల్లకీ, ఎద్దుబండి ఏదైనా సరే, పొద్దు వాలేలోగా మజిలీ చేరడమే అప్పటి ప్రయాణ నియమం. రాత్రి రాక అన్నది ఏ వానకో, ఏటి వరదకో ముడిపడిన ఆపద.

ఆ ఆపదను తనదిగా చేసుకున్న మనిషి డొక్కా సీతమ్మ. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరంలో డొక్కా జోగన్న ఇల్లాలిగా అడుగుపెట్టి, 1909లో కన్నుమూసే దాకా ఆకలితో వచ్చినవాళ్లకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టింది. గోదావరి పాయలు దాటి లంకల్లోకి వచ్చేవాళ్లు ఏ జాముకు చేరతారో పడవ నడిపేవాడికే తెలియదు. కోనసీమలో ఇప్పటికీ ఒక ముచ్చట చెబుతారు. అంతర్వేది దర్శనానికి వెళ్తున్న సీతమ్మకు దారిలో ఒక పెళ్లివారి మాటలు చెవిన పడ్డాయట. ఆకలికి ఏడుస్తున్న పిల్లలను, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారు అని ఓదారుస్తున్నారు వాళ్లు. ఆమె దర్శనం మానుకుని, వాళ్లకంటే ముందే ఇల్లు చేరడానికి వెనక్కి తిరిగిందట.

రైలు వచ్చాక లెక్క మారింది. 1874లో సికింద్రాబాదుకు, 1907లో నాంపల్లికి స్టేషన్లు వచ్చాయి. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన తెరుచుకుంది. రైలుకు పొద్దుతో పనిలేదు. అర్ధరాత్రి రెండు గంటలకు పెట్టెలు, పిల్లలు, ముసలివాళ్లతో ప్లాట్‌ఫారం మీద దిగే ప్రయాణం మామూలైపోయింది. అందుకే స్టేషన్ల చుట్టూ సత్రాలు వెలిశాయి. 1919లో ఏడో నిజాం కాలంలో నాంపల్లి స్టేషన్ దగ్గర కట్టిన సరాయి అలాంటిదే. ఇక రాత్రంతా ఒక గుమాస్తా మేలుకుని ఉండక తప్పలేదు.

తాళంచెవి చేతులు మారడం కూడా ఒక్కసారిగా రాలేదు. చాలా ధర్మసత్రాల్లో గదికి గొళ్ళెం మాత్రమే ఉండేది, తాళంకప్ప యాత్రికుడే తెచ్చుకోవాలి. కాశీ ప్రయాణానికి సామాను సర్దుతూ, ఇత్తడి చెంబు పక్కన ఒక తాళంకప్పనూ పెట్టుకున్న ఇళ్లు ఎన్నో. తాళం తనదైతే చెవి కోసం ఎవరినీ నిద్ర లేపక్కర్లేదు. సత్రమే తాళం వేయడం మొదలుపెట్టాక చెవి ఎవరి దగ్గరుందో, తిరిగి ఇచ్చారో లేదో రాసుకోవడానికి ఒక పుస్తకం, పోగొట్టకుండా ఒక డిపాజిట్, జేబులో మర్చిపోకుండా చెవికి వేలాడే చెక్కబిళ్ల వచ్చి చేరాయి.

ఈ పద్ధతిని అన్నిటికంటే పెద్ద ఎత్తున నడిపినది తిరుమల. 1933లో దేవస్థానం పాలకవర్గం ఏర్పడింది, 1944లో ఘాట్ రోడ్డు తెరుచుకుంది. మెట్లెక్కి వచ్చేవాళ్లకు బస్సుల్లో వచ్చేవాళ్లు తోడయ్యారు. ఇప్పుడు సెంట్రల్ రిసెప్షన్ ఆఫీసు (సి.ఆర్.ఓ.)లో గది ఖరారు చేసుకోవడం, ఉప విచారణ కార్యాలయంలో చెవి తీసుకోవడం, ఖాళీ చేసేటప్పుడు చెవి అప్పగించి డిపాజిట్ వెనక్కి పొందడం లక్షలమందికి అలవాటైన వరస. గది దొరకనివాళ్లకు యాత్రికుల వసతి సముదాయంలో లాకరు, చాప ఉచితం. ఆనాటి అరుగుకు ఈనాటి రూపం అదే.

2008లో అమెరికాలో ఎయిర్‌బీఎన్‌బీ పుట్టాక సొంత ఫ్లాటునే నాలుగు రోజులకు అద్దెకిచ్చే వ్యాపారం విశాఖ బీచ్ రోడ్డుకూ, గచ్చిబౌలికీ వచ్చింది. యజమాని వేరే దేశంలో ఉన్నా తలుపుకున్న డిజిటల్ తాళం నంబరు వాట్సాప్‌లో వస్తుంది. అయినా శంషాబాదులో అర్ధరాత్రి దిగిన అతిథి అపార్ట్‌మెంట్ చేరేసరికి గేటు తీసేది వాచ్‌మనే. బ్యాటరీ అయిపోయి తాళం తెరుచుకోకపోతే కుర్చీలోంచి లేచి, విడి తాళంచెవి తెచ్చిచ్చేదీ అతనే. సరాయి కావలివాడు, సత్రం గుమాస్తా, ఈ వాచ్‌మన్ ముగ్గురూ చేసింది ఒకే పని. అద్దె లెక్కల్లో ఆ మెలకువకు విలువ కట్టకపోవడం అన్యాయం.

మన్ననూరులో ఆరింటికి గేటు లేస్తుంది. రాత్రంతా కార్లలోనే కునుకు తీసిన జనం అద్దాల మీది మంచు తుడుచుకుంటారు. అక్కడ శ్రీశైలం సత్రంలో కౌంటరు వెనక మేకుకు ఒక తాళంచెవి ఇంకా వేలాడుతూనే ఉంటుంది. నిన్న రాత్రి ఫోన్ చేసినవాళ్ల పేరు రాసిన చీటీ దానికి చుట్టి ఉంటుంది.