టోపాసు: సముద్రంలో తప్పిపోయిన మా పెదతాత కోసం వెతుకులాట

దళితుల చరిత్రకు ఆధారాలు లేవని విశ్వవిద్యాలయాల్లో మాటిమాటికీ వింటుంటాం. ఆధారాలు లేకపోవడం వేరు, ఉన్న ఆధారాల్లో మన మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా రాసిపెట్టడం వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడ కొలువుకు పోయి తిరిగిరాని మా పెదతాత కోసం కొన్నేళ్లుగా వెతుకుతుంటే ఈ తేడా మాకు తెలిసొచ్చింది. ఇది ఒక్క మా ఇంటి కథే అయితే ఇక్కడ రాయాల్సిన పని లేదు.

మాది భీమునిపట్నం పక్క రెల్లి వాడ. మా పెద్దలు పండ్లూ కూరలూ అమ్మి, అవి కూడు పెట్టనప్పుడు పట్నాల్లో మునిసిపాలిటీ చీపుర్లు పట్టి బతికారు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. మా తాత అన్న ఇరవై ఏళ్లు నిండీ నిండకుండానే, పెళ్లయిన ఏడాదికే ఇల్లు విడిచాడు. ఎక్కడికి పోయాడంటే వాడంతా ఒకే మాట: "రంగం పోనాడు."

వాడ అట్లా అనుకోవడంలో వింత లేదు. ఉత్తరాంధ్ర తీరంలో ఆ రోజుల్లో ఓడెక్కడమంటే రంగూను పోవడమే. ఆ నగరంలో వీధులూ మరుగుదొడ్లూ శుభ్రం చేసిన వాళ్లలో ఎక్కువ మంది తెలుగు కూలీలు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. 1942 మార్చిలో నగరం జపాను చేతికి పోయింది. లక్షల మంది భారతీయులు అడవులూ కొండలూ దాటి పారిపోయి వచ్చారు. దారిలో రాలిపోయినవాళ్లు వేలకు వేలు. మా పెదతాత కూడా ఆ దారిలోనే పోయుంటాడని పెద్దలు తీర్మానించారు. మేమూ అదే నమ్మి బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాల జ్ఞాపకాల్లో ఆయన కోసం వెతికాం. రెండేళ్లు అక్కడే గడిచిపోయాయి.

ఈ తీర్మానాన్ని ఒప్పుకోనిది పెదమామ్మ ఒక్కతే. "రంగం కాదురా నాయనా, బొంబాయి. యుద్ధపు ఓడ. టోపీ నౌకరీ" అనేది. మేము బడికి పోయే రోజుల్లో ఆ మాట విని నవ్వుకున్నాం. ముసలామెకు మొగుడి నెత్తిన టోపీ పెట్టి చూసుకోవాలనే ముచ్చట అనుకున్నాం. చదువు నేర్చుకుంటున్న మేము చదువు రాని ఆమె మాటను సాక్ష్యంగా లెక్కపెట్టలేదు. ఆ తప్పు మాది.

ఆమె పోయిన చాలా ఏళ్లకు ఆమె రేకు పెట్టె అడుగున ఒక మనియార్డరు కూపను దొరికింది. దాని మీద బొంబాయి ముద్ర ఉంది. తేదీ చెరిగిపోయింది. పంపినవారి పేరు ముందు ఇంగ్లీషులో ఒక మాట మాత్రం చదవడానికి వస్తోంది: టోపాస్. పోస్టుమాన్ ఆ మాట చదివి వినిపిస్తే ఇంట్లో వాళ్ల చెవికి అది టోపీ అయింది. నెలనెలా వచ్చే ఆ డబ్బు ఒక నెల రాలేదు. ఆ పై నెలా రాలేదు. మా ఇంటికి టెలిగ్రాం రాలేదు, సర్కారు కాగితం రాలేదు. మనియార్డరు ఆగిపోవడమే మాకు అందిన కబురు.

టోపాస్ అంటే ఎవరు? పోర్చుగీసుల కాలంలో మిశ్రమ సంతతి క్రైస్తవులను ఆ పేరుతో పిలిచేవారు. అది టోపీ నుంచి వచ్చిందని కొందరూ, దుబాసీ నుంచి వచ్చిందని కొందరూ అంటారు. ఓడల మీదికి వచ్చేసరికి దాని అర్థం మారిపోయింది. మరుగుదొడ్లు కడిగేవాడూ, డెక్కు ఊడ్చేవాడూ టోపాస్ అయ్యాడు. ఓడ కొలువుల్లో అది అట్టడుగు కొలువు. ఊళ్లో పాకీపని చేసే కులాల నుంచే దానికి మనుషుల్ని తీసుకునేవారు. వాడ వదిలి, తీరం వదిలి, నడిసముద్రానికి పోయినా మనవాడి చేతికి అందింది చీపురే.

1939లో రాయల్ ఇండియన్ నేవీ సిబ్బంది 2,000 లోపే. అందులో ఎక్కువ మంది పంజాబు, రత్నగిరి ప్రాంతాల ముస్లింలు. యుద్ధం ముదిరాక మద్రాసు రాజధానితో సహా అన్ని వైపుల నుంచీ మనుషుల్ని చేర్చుకున్నారు. 1945 నాటికి సిబ్బంది సుమారు 30,000 అయింది. యుద్ధం మా తీరానికే వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో 20కి పైగా వర్తక నౌకలు మునిగిపోయాయి. అదే ఏప్రిల్ 6న అక్యాబు దగ్గర యుద్ధనౌక ఇండస్ మునిగింది. అంతకుముందు 1940 జూన్‌లో బొంబాయి దగ్గర పఠాన్ మునిగింది.

సముద్రంలో పోయిన ఈ మనుషులకు సమాధులు లేవు, ఒక పుస్తకం ఉంది. అవిభక్త భారతదేశపు నౌకాదళ, వర్తక నౌకల సిబ్బంది 6,000కు పైగా మంది పేర్లు ఆ పుస్తకంలో ఉన్నాయి. దాని ప్రతి ఒకటి చిట్టగాంగు యుద్ధ శ్మశానంలో, ఇంకొకటి బొంబాయి నావికుల గృహంలో పెట్టారు. పేరు, హోదా, ఓడ, తేదీ. కొందరికి తండ్రి పేరూ ఊరూ కూడా ఉంటాయి.

మా పెదతాత పేరు అందులో మూడు చోట్ల కనబడింది. రెండు నౌకాదళంలో, ఒకటి వర్తక నౌకలో. ముగ్గురూ టోపాసులే. ముగ్గురివీ ఒంటి పేర్లే. ఇంటిపేరు లేదు, తండ్రి పేరు లేదు, ఊరు లేదు. ఈ ముగ్గురిలో ఒకరు మా మనిషి కావచ్చు, ముగ్గురూ కాకపోనూ వచ్చు. ఫలానా ఆయనే అని చెప్పడానికి మా దగ్గర రుజువు లేదు, చెప్పం కూడా. కానీ ఒక్క సంగతి గమనించాలి. చేర్చుకున్న గుమాస్తా ఇంటిపేరు అడగడం మరిచాడేమో గానీ పని రాయడం మాత్రం మరవలేదు. కులం కాగితం మీద భద్రంగా ఉంది. ఆ కులపు మనిషే దొరకడం లేదు.

దీని ఫలితం పెదమామ్మ అనుభవించింది. యుద్ధం అయ్యాక ఆమె పింఛను కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగింది. ఏ ఓడ, ఏ నంబరు అని అడిగారు. ఆమెకు తెలిసింది టోపీ అన్న మాట ఒక్కటే. మా వాళ్లలో మారుమనువుకు అడ్డు లేదు. అయినా చచ్చాడని చెప్పే కాగితం లేదు కాబట్టి పెద్దలు ఆగమన్నారు. ఆ ఆగడం ఆమె జీవితమంతా సాగింది. "మునిగిపోనాడని ఎవులు సూసినారు?" అనేది. చివరిదాకా చేతి గాజులు తియ్యలేదు.

సైన్యంలో దళితుల గురించి మనకు కొంత చరిత్ర ఉంది. భీమా కోరేగాం స్తంభం మీద మహర్ సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయి. 1927 జనవరి 1న అంబేద్కర్ అక్కడికి పోయి ఆ పేర్లను మనకు తిరిగి ఇచ్చాడు. 1941లో మహర్ రెజిమెంటు ఏర్పడింది. తుపాకీ పట్టినవాడి చరిత్ర రాయడం మనం నేర్చుకున్నాం. ఓడలో చీపురు పట్టి అదే టార్పెడోకు, అదే బాంబుకు చచ్చినవాడి సంగతేమిటి? 1946 ఫిబ్రవరి 18న తల్వార్‌లో మొదలైన నావికుల సమ్మె గొప్పది. మంచి తిండి, తెల్ల నావికులతో సమానంగా జీతం, ఆజాద్ హింద్ ఖైదీల విడుదల అడిగింది. ఊడ్చే పనిని కులానికి కట్టేయడం పోవాలన్న డిమాండు మాత్రం అందులో మాకు కనబడలేదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా దశాబ్దాల పాటు మన నౌకాదళంలో ఆ కొలువు అదే పేరుతో నడిచింది.

టోపీ కాదు, టోపాసు అని తెలిశాక మా ఇంట్లో కొందరు ఆ సంగతి బయట పెట్టొద్దన్నారు. సిగ్గుపడాల్సింది ఆయన కాదు, మేమూ కాదు. అందుకే రాస్తున్నాం.

మా వైపు సంక్రాంతి పెద్దల పండగ. పోయినవాళ్ల పేరున కొత్త బట్టలు పెడతాం. పెదమామ్మ బతికినన్నాళ్లు ఆయన పేరున బట్ట పెట్టనివ్వలేదు. ఆమె పోయాక ఆమె పేరున చీర ఒక్కటే పెడుతూ వచ్చాం. మొన్నటి సంక్రాంతికి ఆ చీర పక్కన పంచె కూడా పెట్టాం.

ఇది చదివే మిత్రులకు, ముఖ్యంగా వాడల నుంచి వచ్చిన విద్యార్థులకు ఒక మాట. మీ ఇళ్లలో రేకు పెట్టెలు తెరిచి చూడండి. మనియార్డరు కూపన్లు, డిశ్చార్జి కాగితాలు, ముద్రలున్న కవర్లు దాచండి. రంగం పోయాడనో, ఓడెక్కాడనో మాట వినబడితే ఇంటిపేరుతో సహా రాసుకోండి. ముసలమ్మలు చెప్పే మాట తప్పుగా వినబడినా, విన్నది విన్నట్టే రాయండి. అర్థం తర్వాత వెతుక్కోవచ్చు.