షష్టిపూర్తి నుంచి సింగపూర్ దాకా: ఉత్తరాంధ్రలో పుట్టినరోజు ప్రయాణాల చరిత్ర

తెలుగు పంచాంగంలో ప్రభవ నుంచి అక్షయ దాకా 60 సంవత్సరాలకు పేర్లున్నాయి. మనిషి పుట్టిన సంవత్సరం పేరు మళ్లీ తిరిగి వచ్చేది అతనికి 60 నిండినప్పుడే. గురుడు రాశిచక్రాన్ని చుట్టి రావడానికి సుమారు 12 ఏళ్లు, శనికి సుమారు 30 ఏళ్లు పడతాయి కాబట్టి ఆ రెండు గ్రహాలూ జన్మకాలపు స్థానాలకు కలిసి చేరేదీ దాదాపు అప్పుడే. షష్టిపూర్తికి మూలం ఈ లెక్కే. 59 నిండి 60 రాగానే ఉగ్రరథ శాంతి, 60 నిండాక షష్టిపూర్తి, 70లో భీమరథ శాంతి, ఎనభై దాటాక సహస్ర చంద్ర దర్శనం శాస్త్రం చెప్పిన మజిలీలు. ఆయుష్య హోమం, మృత్యుంజయ హోమం, కలశ జలాలతో దంపతులకు స్నానం, మళ్లీ మాంగల్యధారణ ఇందులో ముఖ్యమైనవి. ఏర్పాట్లు కొడుకులు, కూతుళ్లు చూసుకునేవారు. స్నేహితులు భోజనాల వేళకు వచ్చే అతిథులే.

ఈ వేడుక అందరిదీ కాదు. ఉత్తరాంధ్రలోని రాజాం పట్టణం చుట్టుపక్కల జాతకం రాయించుకున్న ఇళ్లలోనే తిథి తెలిసేది. కూలి, కౌలు కుటుంబాల్లో పుట్టిన ఏడాదిని కరువుతోనో గాలివానతోనో గుర్తుపెట్టుకునేవారు. తరవాతి తరాలకు బడిలో చేర్చిన రోజున మాస్టారు రిజిస్టర్లో వేసిన తేదీయే పుట్టినరోజు అయింది. నేడు చాలామంది పాస్‌పోర్టుల్లో ఉన్నదీ ఆ తేదీయే.

పెద్ద వయసులో చేసే ప్రయాణమంటే ఒకప్పుడు కాశీ. ఏనుగుల వీరాస్వామయ్య సుమారు 50 ఏళ్ల వయసులో, 1830 మే 18న, చెన్నపట్నం నుంచి పెద్ద పరివారంతో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. తిరుగు ప్రయాణంలో పూరీ నుంచి తీరం పట్టుకుని ఉత్తరాంధ్ర మీదుగానే వచ్చారు. దారి పొడుగునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసిన సంగతులే 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర'. బోయీలు, డేరాలు, మజిలీలో దొరికే సరుకుల ధరలు, ఎక్కడ ఏరు దాటాలి అన్న వివరాలు అందులో దేవాలయాలతో పోటీ పడతాయి. జట్టుగా వెళ్లడానికి ఎంత ముందుచూపు కావాలో తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి తెలుగు పుస్తకం దొరకదు. 1890ల్లో తూర్పు తీరం వెంబడి రైలు పడ్డాక అదే యాత్ర రోజుల పని అయింది.

సముద్రం దాటడం వేరే కథ. సముద్రయానం కలియుగంలో తగదన్న శాస్త్రనిషేధాన్ని ముందుగా పక్కనపెట్టినవారిలో సంస్థానాధీశులున్నారు. బొబ్బిలి మహారాజు వెంకట శ్వేతాచలపతి రంగారావు 1893లో, 1902లో యూరప్ వెళ్లి దినచర్య రాసుకున్నారు. పర్లాకిమిడి రాజు కృష్ణచంద్ర గజపతి 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి హాజరయ్యారు.

జనం మాత్రం రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్లారు. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్ల డెక్కు మీద రంగూన్ చేరిన ఉత్తరాంధ్ర కూలీలు అక్కడి ఓడరేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. మేస్త్రీ ఊరికి వచ్చి ముందుగా అడ్వాన్సు ఇచ్చి, తెలిసినవాళ్లందరినీ ఒక జట్టుగా కట్టేవాడు. ఆ అప్పు కూలిలోంచి తీరాలి. ఈ ప్రాంతంలో స్నేహితులు కలిసి విదేశం వెళ్లడమంటే తొలుత ఇదే. ఇందులో వినోదం లేదు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె చివరికి అల్లర్లకు దారితీసింది. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక వేలాదిమంది అడవుల గుండా నడిచి వచ్చారు. 1962లో బర్మాలో సైనిక పాలన వచ్చాక తిరిగొచ్చినవారి గుర్తుగా విశాఖలో బర్మా క్యాంపు ఉంది.

షష్టిపూర్తి ఇల్లు దాటి మిత్రుల చేతికి వచ్చింది సాహిత్యరంగంలో. అభిమానులు సంఘంగా ఏర్పడి, చందాలు పోగుచేసి, సన్మాన సంచిక అచ్చువేయడం ఆనవాయితీ అయింది. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తికి 70 నిండిన సందర్భంగా 1933లో పండితుల వ్యాసాల సంపుటి వెలువడింది. 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి జరిగింది. శ్రీకాకుళం గిరిజన పోరాటం సాగుతున్న ఆ రోజుల్లో, మీరెటువైపు అని రచయితలను నిలదీస్తూ విద్యార్థులు కరపత్రం పంచారు. ఆ ఏడాది జులై 4న విప్లవ రచయితల సంఘం పుట్టింది. పుట్టినరోజు సభకు ఇంత పర్యవసానం అరుదు.

మిత్రులున్నారు, వయసూ వచ్చింది, అయినా సరదాకు విదేశం వెళ్లడం మధ్యతరగతికి చాలాకాలం కుదరలేదు. అడ్డం డాలరు. 1960ల చివరలో అమెరికా వెళ్లే విద్యార్థి జేబులో 8 డాలర్లే ఉండేవన్నది ఆ తరం ఇప్పటికీ చెప్పుకునే మాట. విదేశీ మారకంపై 1973 చట్టం మరింత బిగించింది. 2000 జూన్‌లో దాని స్థానంలో ఫెమా చట్టం అమల్లోకి వచ్చాకే పట్టు సడలింది. 2004లో రిజర్వు బ్యాంకు ఏడాదికి 25,000 డాలర్ల దాకా పంపుకునే వీలు కల్పించింది. 2015 నాటికి ఆ పరిమితి 2,50,000 అయింది. ఈలోగా అమెరికాలో స్థిరపడ్డ పిల్లల దగ్గరికి వెళ్లడానికి తల్లిదండ్రులు పాస్‌పోర్టులు తీసుకున్నారు. చాలా ఇళ్లలో మొదటి పాస్‌పోర్టు పురుడు పోయడానికి వెళ్లిన అమ్మమ్మది.

పుట్టినరోజునూ విదేశీ ప్రయాణాన్నీ ముడివేసింది ఈ పాస్‌పోర్టులే. విశాఖ నుంచి సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్‌లకు విమానాలు రావడం, 2023 చివర థాయ్‌లాండ్, మలేసియా భారతీయులకు వీసా అక్కర్లేదనడం మిగతా పని చేశాయి. రైలు స్టేషన్ లేని రాజాం నుంచి విశాఖ చేరడమే ఇప్పటికీ తొలి అంచె. రాజాంలోనే పుట్టి జనపనార వ్యాపారంతో మొదలైన గ్రంధి మల్లికార్జునరావు సంస్థ 2008లో శంషాబాద్ విమానాశ్రయాన్ని తెరిచింది. అదే సంస్థ చేపట్టిన భోగాపురం విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది.

50, 60 నిండినప్పుడు పదో తరగతి బ్యాచ్ మిత్రులు కలిసి వెళ్లే నేటి ప్రయాణంలో పెద్ద చిక్కు లెక్కల దగ్గర వస్తుంది. ఎవరు వస్తారో తేలకుండా టికెట్లు కొనలేరు, టికెట్లు కొనకుండా ఎవరూ తేల్చరు. అందుకే అడ్వాన్సు ముందు వసూలు చేస్తారు. కాకపోతే మేస్త్రీ ఇచ్చేవాడు, వీళ్లు ఇస్తారు. 2020 అక్టోబరు నుంచి విదేశీ టూర్ ప్యాకేజీ సొమ్ముపై ముందస్తుగా పన్ను కూడా కట్టించుకుంటున్నారు. అది రిటర్నులో సర్దుబాటవుతుంది. పాస్‌పోర్టు గడువు ఆరు నెలలకు పైగా మిగిలి ఉందో లేదో చూసుకోవాలి.

ప్రభుత్వోద్యోగుల విషయంలో మరో మెలిక ఉంది. రాష్ట్రంలో పదవీ విరమణ వయసు 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది. 58కే దిగిపోయిన తరానికి షష్టిపూర్తి తీరిక కాలంలో వచ్చేది. ఇప్పుడది ఉద్యోగంలో ఉండగానే వస్తోంది కాబట్టి సెలవుతో పాటు విదేశం వెళ్లడానికి శాఖ అనుమతి కూడా కావాలి. చాలామంది హోమం తిథినాడు ఇంట్లో చేయించుకుని, అనుమతి, సెలవు, చవక టికెట్లు మూడూ కుదిరిన నెలలో విమానమెక్కుతున్నారు.