ప్రైమీవల్: అంతరించిన జంతువులను వర్తమానంలోకి వదిలిన సిరీస్.. అందులోని తొలి మృగానికి బంధువు మంచిర్యాల నేలలో

'ప్రైమీవల్' బ్రిటన్‌లో తయారైన సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్. ఐటీవీ చానల్లో 2007 ఫిబ్రవరి 10న మొదలైంది. 2011 వరకు ఐదు సీజన్లలో మొత్తం 36 ఎపిసోడ్లు వచ్చాయి. పిల్లలు, పెద్దలు కలిసి చూసే శనివారం సాయంత్రపు కార్యక్రమంగా దీన్ని రూపొందించారు. కాలంలో తలుపులు తెరుచుకుని, కోట్ల ఏళ్ల కిందట అంతరించిపోయిన జంతువులు నేటి నగరాల్లోకి వచ్చేస్తే ఏమవుతుందన్నది దీని కథాంశం.

కథ ఇంగ్లండ్‌లో జరుగుతుంది. కానీ ఇందులో కనిపించే జీవుల చరిత్రకు గోదావరి లోయతో సంబంధం ఉంది.

కథ ఏమిటి?

నిక్ కట్టర్ (డగ్లస్ హెన్షల్) జీవపరిణామాన్ని అధ్యయనం చేసే ప్రొఫెసర్. ఆయన భార్య హెలెన్ ఎనిమిదేళ్ల కిందట ఫారెస్ట్ ఆఫ్ డీన్ అనే అడవిలో మాయమైంది. అదే అడవిలో వింత జంతువు తిరుగుతోందని తెలిసి కట్టర్ తన సహాయకుడు స్టీఫెన్, విద్యార్థి కానర్‌తో కలిసి అక్కడికి వెళతాడు. జంతుప్రదర్శనశాలలో సరీసృపాలను చూసుకునే ఆబీ, ప్రభుత్వ అధికారి క్లాడియా బ్రౌన్ అక్కడ వారికి తోడవుతారు.

గాలిలో గాజు ముక్కల్లా మెరుస్తున్న వెలుగు వారికి కనిపిస్తుంది. దగ్గరికెళితే లోహపు వస్తువులను లాగేస్తుంది. అదే 'అనామలీ', అంటే కాలంలో తెరుచుకున్న తలుపు. దాని అవతల 25 కోట్ల ఏళ్ల కిందటి పెర్మియన్ యుగం ఉంది.

అక్కడి నుంచి ఒక్కో ఎపిసోడ్‌కు ఒక్కో తలుపు. లండన్ భూగర్భ రైలు సొరంగాల్లోకి కార్బోనిఫెరస్ యుగపు భారీ కీటకాలు వస్తాయి. గోల్ఫ్ మైదానం మీద టెరనోడాన్ ఎగురుతుంది. డోడో పక్షులు తమతో పాటు ప్రాణాంతక పరాన్నజీవిని తెస్తాయి. గబ్బిలాల నుంచి పరిణామం చెందిన భవిష్యత్తు మృగం కూడా ఒకటి వస్తుంది.

చాలా ఎపిసోడ్లలో ఈ జంతువులను విలన్లుగా చూపించరు. అవి దారి తప్పినవి, ఆకలితోనో భయంతోనో ఉన్నవి. వీలైతే చంపకుండా వెనక్కి పంపాలన్నదే కట్టర్ బృందం ప్రయత్నం.

ఎవరు తయారు చేశారు?

సృష్టికర్తలు ఏడ్రియన్ హాడ్జెస్, టిమ్ హెయిన్స్. 1999లో బీబీసీ ప్రసారం చేసిన 'వాకింగ్ విత్ డైనోసార్స్' డాక్యుమెంటరీ హెయిన్స్‌దే. 2001లో బీబీసీ తీసిన 'ద లాస్ట్ వరల్డ్'కు ఇద్దరూ కలిసి పనిచేశారు. 2005లో 'డాక్టర్ హూ'ను బీబీసీ తిరిగి ప్రారంభించి శనివారం సాయంత్రాలను గెలుచుకుంది. 'ప్రైమీవల్'ను దానికి ఐటీవీ ఇచ్చిన సమాధానంగా అప్పట్లో చూశారు.

మూడో సీజన్ ముగిశాక 2009 జూన్‌లో ఐటీవీ దీన్ని ఆపేసింది. అదే ఏడాది సెప్టెంబరులో మరికొన్ని చానళ్లు ఖర్చు పంచుకోవడానికి ముందుకు రావడంతో సిరీస్‌కు మళ్లీ ప్రాణం వచ్చింది. చివరి రెండు సీజన్లను ఐర్లండ్‌లో చిత్రీకరించారు. దీని ఆధారంగా కెనడాలో తీసిన 'ప్రైమీవల్: న్యూ వరల్డ్' 2012లో మొదలై 13 ఎపిసోడ్లతోనే ఆగిపోయింది.

కాలాన్ని కదిలిస్తే మూల్యం ఎంత?

మొదటి ఎపిసోడ్‌లో తలుపు అవతలికి వెళ్లిన కట్టర్‌కు, సైనికాధికారి రయన్‌కు ఒక పాత శిబిరం, మనిషి అస్థిపంజరం కనిపిస్తాయి. అవి ఎవరివో అప్పుడు తెలియదు. మొదటి సీజన్ ఆఖర్లో మళ్లీ అక్కడికే వెళ్లినప్పుడు, ఆ శిబిరం తాము వేసినదేనని, ఆ అస్థిపంజరం రయన్‌దేనని తేలుతుంది.

కట్టర్ తిరిగి వచ్చాక ఇంకో దెబ్బ తగులుతుంది. క్లాడియా బ్రౌన్ అనే మనిషే లేదు. ఆమె ఎవరికీ గుర్తు లేదు. గతంలో జరిగిన ఏదో మార్పు ఆమెను చరిత్ర నుంచి తుడిచేసింది.

గతంలో తొక్కిన ఒక్క సీతాకోకచిలుక వర్తమానాన్ని మార్చేస్తుందన్న ఊహ 1952లోనే రే బ్రాడ్‌బరీ కథలో ఉంది. 'ప్రైమీవల్' దాన్ని పిల్లలకు అర్థమయ్యే నష్టంగా, ఒక స్నేహితురాలు లేకుండా పోవడంగా చూపించింది. మూడో సీజన్‌లో ప్రధాన పాత్ర కట్టర్‌నే చంపేసింది. మనిషి పుట్టకపోతేనే భూమికి మంచిదని నమ్మిన హెలెన్, తొలి మానవ పూర్వీకులను చంపడానికి గతంలోకి వెళుతుంది. కుటుంబ కార్యక్రమంలో ఇది తేలికైన ప్రశ్న కాదు.

సైన్స్ ఎంత? కల్పన ఎంత?

జీవులు చాలావరకు నిజమైనవే. కానీ కొలతల్లో స్వేచ్ఛ తీసుకున్నారు. ఆబీ పెంచుకునే 'రెక్స్' కొయిలురోసారావస్ జాతికి చెందినది. నిజానికి అది మూర కంటే పొడవుండదు. చెట్ల మధ్య గాలిలో జారేదే తప్ప పక్షిలా ఎగరలేదు. మొదటి ఎపిసోడ్‌లోని గోర్గొనాప్సిడ్‌నూ అసలు కంటే పెద్దదిగా చూపించారు.

ఇంతకీ గోర్గొనాప్సిడ్ రాక్షసబల్లి కాదు. రాక్షసబల్లులు పుట్టకముందే, 25.2 కోట్ల ఏళ్ల కిందటి మహా వినాశనంలో అంతరించిపోయిన కోరల వేటజంతువు. క్షీరదాలకు, అంటే మనకు, దూరపు బంధువు. రాక్షసబల్లితో కాకుండా దీనితో మొదలుపెట్టడం సిరీస్ చేసిన మంచి పనుల్లో ఒకటి.

గోదావరి లోయలో ఏముంది?

గోర్గొనాప్సిడ్ శిలాజాలు ఎక్కువగా దక్షిణాఫ్రికా, రష్యాల్లో దొరికాయి. మంచిర్యాల జిల్లా కుందారం దగ్గరి పెర్మియన్ శిలల్లోనూ ఒక గోర్గొనాప్సిడ్ ఆనవాళ్లను శాస్త్రవేత్తలు గుర్తించారు. దానితో పాటు ఎండోథియోడాన్ వంటి శాకాహార జీవుల శిలాజాలూ అక్కడ ఉన్నాయి. ఎండోథియోడాన్ ఆఫ్రికాలోనూ దొరుకుతుంది. అప్పట్లో భారత్, ఆఫ్రికా గోండ్వానా అనే ఒకే మహాఖండంలో భాగాలు కావడమే దీనికి కారణం.

ప్రాణహిత-గోదావరి లోయలో ఆ తర్వాతి యుగాలూ పొరలు పొరలుగా ఉన్నాయి. ఇక్కడ దొరికిన బరపాసారస్ టాగోరీకి 1975లో పేరు పెట్టారు. బెంగాలీలో 'పెద్ద కాళ్లది' అని ఆ పేరుకు అర్థం. రవీంద్రనాథ్ ఠాగూర్ గౌరవార్థం రెండో భాగం చేర్చారు. దాని అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది.

యామన్‌పల్లి దగ్గర కనీసం 12 జంతువులకు చెందిన 840 ఎముకలను జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వెలికితీసింది. ఆ జీవికి 1988లో పి. యాదగిరి 'కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్' అని పేరు పెట్టారు. దాదాపు 9 మీటర్ల పొడవుండే దాని అస్థిపంజరాన్ని హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంలో చూడొచ్చు.

భిలాయి పక్కన ఉతైలో తలుపు తెరుచుకుంటే?

ఉక్కు కర్మాగారం పనుల కోసం వెళ్లిన తెలుగువారు తరాలుగా స్థిరపడిన ప్రాంతం భిలాయి. ఆ నగరానికి దగ్గర్లోని చిన్న పట్టణం ఉతై. ఆ చుట్టుపక్కల నేలలో రాక్షసబల్లి దొరికే అవకాశం లేదు. దుర్గ్ ప్రాంతపు సున్నపురాయి, షేల్ శిలలు జంతువులు పుట్టకముందువి. వాటిలో కనిపించేవి స్ట్రోమటోలైట్లు, అంటే సముద్రపు లోతులేని నీళ్లలో సూక్ష్మజీవులు పొరలుగా కట్టిన గుట్టలు. భిలాయి బ్లాస్ట్ ఫర్నేసులకు సున్నపురాయి ఇచ్చిన నందిని గని ఈ శిలల్లోదే. అక్కడికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా కొండలు ఇంకా పాతవి, వాటి వయసు 200 కోట్ల ఏళ్లకు పైనే.

ఉతై రాళ్ల కాలంలోకి తలుపు తెరుచుకుంటే లోపల తరిమే మృగం ఉండదు. ఆనాటి గాలిలో ఆక్సిజన్ చాలా తక్కువ కాబట్టి మనిషికి ఊపిరే ఆడదు. ఛత్తీస్‌గఢ్‌లోనే ఉత్తరాన మనేంద్రగఢ్ దగ్గర హస్‌దేవ్ నది ఒడ్డున పెర్మియన్ కాలపు సముద్ర జీవుల శిలాజాలు ఉన్నాయి. అది జాతీయ భూవిజ్ఞాన స్మారకం.

మన తెర మీద

తెలుగులో కాలయానం అనగానే గుర్తొచ్చేది సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369' (1991). అది శ్రీకృష్ణదేవరాయల కాలానికి, ఆపై 2504వ సంవత్సరానికి వెళుతుంది. 2022 నాటి 'బింబిసార'లో ఒక రాజు మన కాలానికి వస్తాడు. అదే ఏడాది వచ్చిన 'ఒకే ఒక జీవితం' బాల్యానికి వెళుతుంది. మూడింటిలోనూ గతం అంటే రాజుల కాలం, లేదా మన చిన్ననాటి కాలం. కోటసారస్ నడిచిన గోదావరి వైపు వీటిలో ఏదీ వెళ్లలేదు.

దీనికి బడ్జెట్ ఒక కారణం కావచ్చు. కానీ ఆ గతం పిల్లలకు పరిచయం కావడమే తగ్గుతోంది. సిలబస్ భారం తగ్గించే పేరుతో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకం నుంచి జీవపరిణామం పాఠాన్ని తీసేసింది. 2023లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు అభ్యంతరం చెబుతూ లేఖ రాశారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో ఆ పాఠం ఉంది. కానీ పదితో చదువు ఆపేసేవారికి, ఇంటర్‌లో ఎంపీసీనో కామర్సో తీసుకునేవారికి అది అందదు.

'ప్రైమీవల్' పాఠ్యపుస్తకం కాదు, తప్పులున్న వినోద కార్యక్రమం. అయినా ప్రతి జీవికీ ఒక కాలం ఉందని, ఆ కాలాలకు ఒక వరుస ఉందని, మనిషి ఆ వరుస చివర్లో వచ్చాడని 36 ఎపిసోడ్లలో చెబుతూనే ఉంటుంది. ఆ వరుసలోని ఎన్నో పొరలు ఆదిలాబాద్ నుంచి దుర్గ్ వరకు తెలుగువారు తిరిగే నేలలోనే ఉన్నాయి.