10,000 మస్సెల్స్‌కి 1 గ్రాము: తడిలో అంటుకునే జిగురు కథ

తడిగా ఉన్న బాత్రూం గోడకి స్టిక్కర్ హుక్ అంటించారా ఎప్పుడైనా? తెల్లారేసరికి కింద పడి ఉంటుంది. గోడకీ జిగురుకీ మధ్య నీటి పొర ఉంటే పట్టు దొరకదు. ఆపరేషన్ చేసే డాక్టర్లకీ ఇదే తలనొప్పి, ఎందుకంటే ఒంటి లోపలంతా తడే. సూపర్‌గ్లూ జాతి జిగుర్లని చర్మం మీది గాయాలకి వాడతారు, లోపల వాడితే కణాలకి హాని. రక్తం నుంచి తీసే ఫైబ్రిన్ జిగురు సేఫే, కానీ పట్టు తక్కువ.

మరి మస్సెల్స్? ఇవి ఒక రకం ఆల్చిప్పలు. సముద్రపు రాళ్లని పట్టుకుంటే అలలు ఎంత కొట్టినా ఓ పట్టాన ఊడవు. పాదం నుంచి సన్నని దారాలు తీసి, కొసన జిగురు బిళ్లతో అతుక్కుంటాయి.

దాని గుట్టు 1981లో బయటపడింది. అమెరికాలో హెర్బర్ట్ వెయిట్, మార్విన్ టాంజర్ ఆ జిగురు ప్రోటీన్‌లో డోపా ఉందని సైన్స్ పత్రికలో రాశారు. అవును, పార్కిన్సన్స్ పేషెంట్లకి ఇచ్చే లెవోడోపా మందు ఉంది చూడండీ, అదే అణువు!

ఇంకేం, తీసి వాడేయొచ్చు కదా? కుదరలేదు. 1 గ్రాము ప్రోటీన్‌కి దాదాపు 10,000 మస్సెల్స్ కావాలి. అలా తీసిన కొంచెం జిగురు, ల్యాబ్‌లో కణాలని గాజుకి అంటించే పనికి సరిపోయింది. తర్వాత కొరియాలో పోస్టెక్ సంస్థవాళ్లు బ్యాక్టీరియా చేత ఈ ప్రోటీన్ తయారుచేయించారు.

నాకు బాగా నచ్చింది మాత్రం 2007 కథ. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో హేషిన్ లీ, ఫిలిప్ మెస్సర్‌స్మిత్ టీమ్ అసలు ప్రోటీన్‌నే పక్కన పెట్టేసింది. మన కోడింగ్ భాషలో చెప్పాలంటే, మొత్తం ప్రోగ్రామ్ కాదు, పనికొచ్చే ఒక్క ఫంక్షన్ కాపీ కొట్టారు. డోపమైన్ కలిపిన నీళ్లలో వస్తువుని ముంచితే పూత పట్టేస్తుంది. దోసె కూడా అంటుకోని టెఫ్లాన్‌కి సైతం పట్టింది! రీల్స్ చూస్తే వస్తుందంటారే, ఆ డోపమైనే.

దీని అవసరం ఎంతుందో ఒక్క కేసు చెప్తా. కడుపులో బిడ్డకి ఆపరేషన్ చేయాలంటే ఉమ్మనీటి సంచికి చిల్లు పెట్టాలి. ఆ పొర తనంతట తాను సరిగ్గా మానదు. ఉమ్మనీరు కారిపోతే నెలలు నిండకుండానే కాన్పు అయ్యే ప్రమాదం. మెస్సర్‌స్మిత్ టీమ్ మస్సెల్ తరహా జిగురుని మనిషి ఉమ్మనీటి పొర మీద ల్యాబ్‌లో పరీక్షించింది. అతికింది, కణాలకీ హాని కనిపించలేదు. కానీ అది ల్యాబ్‌లో పళ్లెం. కదిలే బిడ్డ, చుట్టూ నీళ్లు, వారాల తరబడి పట్టు నిలబడాలి, అసలు పరీక్ష అది.